ఎక్స్‌బాక్స్, పీఎస్5 కంట్రోలర్లు: రీచార్జబుల్ సెల్సా, చార్జింగ్ డాకా?

మారతహళ్లి_ప్యాడ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. బెంగళూరులో ముగ్గురం ఉండే ఫ్లాట్. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి రెండు కంట్రోలర్లు ఉన్నాయి. ఒకటి యూఎస్‌బీ-సీ ఉన్న కొత్తది, ఇంకోటి మైక్రో యూఎస్‌బీ ఉన్న పాత ఎక్స్‌బాక్స్ వన్ కాలంది. పీఎస్5కి రెండు డ్యుయల్‌సెన్స్ కంట్రోలర్లు.

ఎక్స్‌బాక్స్‌వి రెండూ పెన్సిల్ సెల్స్‌తో (ఏఏ సైజు) నడిచేవే. ఆల్కలైన్ సెల్స్ కొని కొని విసుగొచ్చి, చార్జర్‌తో కలిపి అమ్మే రీచార్జబుల్ సెల్స్ నాలుగు తెచ్చాం. సెల్ మీద 1.2 వోల్ట్ అని రాసి ఉంది. రాత్రంతా చార్జ్ చేసి వేసినా గంట తిరక్కుండానే స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు సగానికి పడిపోతోంది. ఆ తర్వాత మాత్రం ఒక జత చాలాసేపు నడుస్తోంది, ఇంకో జత త్వరగా చచ్చిపోతోంది. 1.2 వోల్ట్ చాలకనా ఇది, సెల్సే నాసిరకమా? కేబుల్ పెట్టి ఆడితే లోపలి సెల్స్ చార్జ్ అవుతాయేమో అనుకున్నాం, అదీ లేదు. ఈ గొడవంతా వదిలేసి రెండు బ్యాటరీ ప్యాక్‌లూ వెనక మూతలూ ఇచ్చే డాక్ (కంట్రోలర్‌ని పెట్టి చార్జ్ చేసే స్టాండ్) ఒకటి కొనేస్తే నయమా?

పీఎస్5కి డాక్ ఇప్పటికే ఉంది. ఎడమ వైపు పెట్టిన ప్యాడ్ (కంట్రోలర్) బాగానే చార్జ్ అవుతుంది. కుడి వైపుది ఒక్కోసారి లైటు వెలుగుతుంది, పొద్దున చూస్తే ఖాళీ. డాక్ కేబుల్‌ని పీఎస్5 ముందు పోర్టుకే తగిలించాం.

మిల్లీయాంప్:

1.2 వోల్ట్ గురించి బెంగ అక్కర్లేదండీ. ఆల్కలైన్ సెల్ 1.5 దగ్గర మొదలై వాడేకొద్దీ దిగుతూనే ఉంటుంది, సగం వాడేసరికి అదీ 1.2 దగ్గరికే వస్తుంది. మీ దగ్గరున్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్. చార్జర్‌లోంచి తీయగానే 1.4 చూపిస్తుంది, కంట్రోలర్‌లో వేయగానే 1.25 ప్రాంతానికి దిగుతుంది. ఇక చాలాసేపు అక్కడే నిలకడగా ఉండి, 1.1 దాటాక ఒక్కసారిగా జారిపోతుంది. కంట్రోలర్ కేవలం వోల్టేజ్ చూసి గుర్తు గీస్తుంది కాబట్టి సగం అని చూపించినప్పుడు నిజానికి ఇంకా చాలా మిగిలి ఉంటుంది. సగం గుర్తును పట్టించుకోకండి. చివరి హెచ్చరిక వస్తే మాత్రం ఆ ఆట ముగించి సెల్స్ మార్చేయండి, పూర్తిగా ఆగిపోయేదాకా లాగొద్దు. రెండు సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. ఒకటి ముందు ఖాళీ అయితే రెండోది దాన్ని తిరగేసి తోస్తుంది, అంటే ఖాళీ సెల్ ధ్రువాలు మారిపోతాయి. అలా కొన్నిసార్లు జరిగితే ఆ సెల్ ఇక కోలుకోదు.

కేబుల్ పెట్టినా చార్జ్ కాకపోవడం లోపం కాదు, కావాలనే అలా తయారుచేశారు. లోపల ఉన్నది ఆల్కలైనో రీచార్జబులో కంట్రోలర్‌కి తెలియదు. ఆల్కలైన్‌కి కరెంట్ ఎక్కిస్తే కారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. అందుకే పెన్సిల్ సెల్స్ తగిలే కాంటాక్ట్‌లకు చార్జింగ్ దారే ఇవ్వలేదు. మైక్రోసాఫ్ట్ ప్లే అండ్ చార్జ్ కిట్‌లోని లిథియం ప్యాక్‌కి వేరే కాంటాక్ట్‌లు ఉంటాయి, అది వేస్తేనే కేబుల్‌తో చార్జ్ అవుతుంది.

ఇక అసలు అనుమానం మీ చార్జర్ మీద. సెల్స్‌తో కలిపి ఇచ్చే చవక చార్జర్లలో చాలావరకు జతలుగానే చార్జ్ చేస్తాయి. రెండో నాలుగో పెట్టాలి, ఒకటీ మూడూ పెడితే పనిచేయదు. మీది అలాంటిదేనా, చూడండి. జతలో ఒక సెల్‌లో 30 శాతం, రెండోదాంట్లో 60 శాతం మిగిలి ఉన్నాయనుకుందాం. వరుసలో రెంటికీ ఒకే కరెంట్ వెళ్తుంది. రెండోది నిండిపోయి వేడెక్కుతూ ఉంటే మొదటిది ఇంకా నిండదు. ఇలా వాడేకొద్దీ తేడా పెరుగుతుంది. ఒక జత బాగా నడిచి ఇంకో జత చచ్చిపోవడానికి ఎక్కువగా కారణం ఇదే.

మంచి చార్జర్ సెల్ పెట్టే ప్రతి గాడినీ విడిగా చూస్తుంది. నికెల్ సెల్ నిండగానే దాని వోల్టేజ్ పెరగడం ఆగి, కొన్ని మిల్లీవోల్టులు వెనక్కి తగ్గుతుంది. చార్జర్ ఆ చిన్న దిగుడును పసిగట్టి ఆపేస్తుంది. ఆ దిగుడు స్పష్టంగా కనిపించాలంటే కరెంట్ కూడా తగినంత ఉండాలి. 2000 ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్, సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) సెల్‌కి 700 నుంచి 1000 మిల్లీయాంప్ మంచిది. 300 పెడితే సెల్ ఆరోగ్యానికి మేలని చాలామంది అనుకుంటారు, కానీ అంత తక్కువలో దిగుడు తెలియక చార్జర్ ఆపాల్సిన చోట ఆపదు, గంటల తరబడి పోస్తూనే ఉంటుంది. చివర్లో సెల్ గోరువెచ్చగా అవడం మామూలే. చేత్తో పట్టుకోలేనంత వేడైతే వెంటనే తీసేయండి.

పానసోనిక్ బీక్యూ-సీసీ55 చార్జర్‌లో రెండు సెల్స్‌కి సుమారు గంటన్నర, నాలుగింటికి 3 గంటలు పడుతుంది. బీక్యూ-సీసీ17 నెమ్మది, నాలుగింటికి 7 గంటలు, కానీ అదీ ఒక్కో సెల్‌ని విడిగానే చూస్తుంది. సెల్‌లో నిజంగా ఎంత పడుతోందో కొలవాలంటే లీటోకాలా లీ-500 లాంటి చార్జర్ తీసుకోండి. దాంట్లో టెస్ట్ మోడ్ పెడితే నింపి, ఖాళీ చేసి, మళ్ళీ నింపి ఎంఏహెచ్ చూపిస్తుంది.

బెంగళూరులో కరెంటు పోయి వస్తుంటుంది కాబట్టి ఇంకో మాట. గంటల లెక్కతో ఆగే చార్జర్లు కరెంటు రాగానే లెక్క మొదటి నుంచి మొదలుపెడతాయి. 6 గంటలు నిండిన సెల్‌కి ఇంకో 8 గంటలు ఎక్కిస్తాయి. వోల్టేజ్ చూసి ఆపేవాటికి ఈ బాధ లేదు, నిండిన సెల్ మళ్ళీ పెట్టినా కొద్ది నిమిషాల్లో గ్రహించి ఆగిపోతాయి.

సెల్స్ విషయంలో లో సెల్ఫ్ డిశ్చార్జ్ రకమే, అంటే వాడకుండా పెట్టినా త్వరగా ఖాళీ కానివే కొనండి. పాత రకం నికెల్ సెల్స్ డ్రాయర్‌లో పెట్టినా నెల రోజుల్లో బాగా ఖాళీ అవుతాయి. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే సెల్స్ తెచ్చాక ఆ పరిస్థితి మారింది, ఇప్పుడది పానసోనిక్ చేతిలో ఉంది. తెల్ల ఎనెలూప్ 2000 ఎంఏహెచ్, కంపెనీ లెక్కలో 2100 సార్లు చార్జ్ చేయొచ్చు. నల్ల ప్రో రకం 2500, కానీ 500 సార్లే. కంట్రోలర్‌కి తెల్లదే నా ఓటు. ప్రో ఇచ్చే అదనపు గంటల కోసం నాలుగో వంతు ఆయుష్షుకు డబ్బు పెట్టడం దండగ.

పెన్సిల్ సెల్ మీద 3500, 4800 ఎంఏహెచ్ అని ఉంటే ముట్టుకోకండి. ఆ సైజులో నికెల్ సెల్ 2700, 2800 దాటదు. వంటింటి తూకం ఉంటే తూచి చూడండి, అసలైన 2000 ఎంఏహెచ్ సెల్ 26, 27 గ్రాములు తూగుతుంది. 18 గ్రాములే ఉందంటే లోపల సరుకు లేదన్నమాట.

ట్రిగర్_ఆర్2:

పీఎస్5 డాక్ సంగతి నేను చెప్తాను బ్రో. డ్యుయల్‌సెన్స్‌లో చార్జింగ్‌ని చూసుకునే చిప్ కంట్రోలర్ లోపలే ఉంటుంది. చవక డాక్‌ల పని 5 వోల్ట్‌లు అందించడమే. కాబట్టి ఒక వైపే పాడైందంటే మూడు చోట్లే వెతకాలి: కరెంట్ చాలకపోవడం, రెస్ట్ మోడ్ (పీఎస్5ని నిద్రపుచ్చే స్థితి) సెట్టింగ్, కాంటాక్ట్.

మొదట పోర్టు మార్చండి. రెండు ప్యాడ్‌లు ఒకేసారి చార్జ్ కావాలంటే డాక్‌కి 5 వోల్ట్ 2 యాంప్ ఇచ్చే ఫోన్ అడాప్టర్ పెట్టడమే సరైనది. డాక్ యూఎస్‌బీ-సీ ది అయితే కేబుల్ గురించి కూడా జాగ్రత్త. చవక డాక్‌లలో సీ పోర్టు దగ్గర ఉండాల్సిన 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు (కరెంట్ కావాలని అడాప్టర్‌కి తెలిపే చిన్న భాగాలు) రెండూ పెట్టరు. అవి లేకపోతే కొత్త ఫోన్ అడాప్టర్ సీ నుంచి సీ కేబుల్‌లో కరెంటే వదలదు. అడాప్టర్ బాగుంది, కేబుల్ బాగుంది, డాక్ మాత్రం చచ్చిపడి ఉన్నట్టు కనిపిస్తుంది. పాత వెడల్పు యూఎస్‌బీ అడాప్టర్, ఏ నుంచి సీ కేబుల్ పెడితే పనిచేస్తుంది.

పీఎస్5 పోర్టునే వాడాలంటే సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ సేవింగ్, ఫీచర్స్ అవైలబుల్ ఇన్ రెస్ట్ మోడ్ లోకి వెళ్ళి సప్లై పవర్ టు యూఎస్‌బీ పోర్ట్స్ దగ్గర ఏముందో చూడండి. 3 గంటలు అని ఉంటే ఆ తర్వాత పోర్టు ఆగిపోతుంది. రెండు ప్యాడ్‌లు కరెంట్ పంచుకుంటుంటే 3 గంటల్లో రెండోది నిండదు. ఆఫ్ అని ఉంటే రెస్ట్ మోడ్‌లో అసలు చార్జే కాదు. మీది ఒక్కోసారి వెలిగి పొద్దుటికి ఖాళీ అంటున్నారు కదా, ఇది తప్పకుండా చూడాల్సిందే.

అడాప్టర్‌కి మార్చాక కూడా కుడి వైపు అలాగే ఉంటే ప్యాడ్‌లు అటూ ఇటూ మార్చి పెట్టండి. ఎడమ వైపు బాగా చార్జ్ అయిన ప్యాడ్ కుడి వైపు కాకపోతే తప్పు డాక్‌ది. ఎక్కడ పెట్టినా ఒకే ప్యాడ్ మొండికేస్తే తప్పు ఆ ప్యాడ్‌ది. డ్యుయల్‌సెన్స్ అడుగున హెడ్‌సెట్ జాక్‌కి రెండు పక్కలా చిన్న లోహపు గళ్ళు ఉంటాయి, డాక్ మీద చార్జింగ్ వాటి ద్వారానే. చేతి చెమట, జిడ్డు పేరుకుని వాటి మీద పొరలా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్లతో రెండింటినీ, డాక్ పిన్నులను కూడా తుడవండి. డాక్ పిన్నులు లోపల స్ప్రింగ్ మీద ఉంటాయి. వేలిగోటితో నొక్కితే రెండూ సమానంగా లోపలికి వెళ్ళి పైకి రావాలి. ఒకటి లోపలే ఇరుక్కుంటే కుడి వైపు రోగం అదే. నొక్కి వదులుతూ ఆల్కహాల్ రెండు చుక్కలు వేస్తే చాలాసార్లు వదులవుతుంది. ఇదంతా డాక్ ప్లగ్ తీసేశాకే చేయండి. సిలికాన్ తొడుగు వేసిన ప్యాడ్ పూర్తిగా కిందికి దిగదు, ఆ సంగతి కూడా చూసుకోండి.

చార్జ్ అవుతోందో లేదో డాక్ లైటును చూసి చెప్పలేం. ప్యాడ్ మీది లైట్ బార్ నారింజ రంగులో నెమ్మదిగా వెలుగుతూ ఆరుతూ ఉండాలి. నిండాక ఆరిపోతుంది.

పనిలో పనిగా, డ్యుయల్‌సెన్స్ బ్యాటరీ 1560 ఎంఏహెచ్ మాత్రమే. వైబ్రేషన్, ట్రిగర్ ఎఫెక్ట్ రెండూ బాగా తాగేస్తాయి. సెట్టింగ్స్, యాక్సెసరీస్‌లో వాటి తీవ్రత ఒక మెట్టు తగ్గిస్తే ఆట మధ్యలో ఆగడం తగ్గుతుంది. వీలైతే డాక్‌ని పీఎస్5 వెనక వేడిగాలి వచ్చే చోట పెట్టకండి. లిథియం బ్యాటరీకి వేడికి మించిన శత్రువు లేదు.

రిచీ_స్ట్రీట్:

చెన్నై నుంచి రెండు మాటలు.

ఒకటి, దుకాణాల్లో ఇప్పుడు 1.5 వోల్ట్ లిథియం రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ కూడా దొరుకుతున్నాయి. లోపల 3.7 వోల్ట్ లిథియం, పైన దాన్ని 1.5కి దించే చిన్న సర్క్యూట్. కొన్నింటికి సెల్ మీదే యూఎస్‌బీ-సీ రంధ్రం ఉంటుంది. ఇవి చివరిదాకా 1.5 ఇస్తాయి కాబట్టి కంట్రోలర్ ఫుల్ అని చూపిస్తూనే ఉండి, హెచ్చరిక లేకుండా టక్కున ఆగిపోవచ్చు. పోటీ ఆటల్లో ఇది ఇబ్బంది. వీటి మీద సామర్థ్యం ఎండబ్ల్యూహెచ్‌లో (మిల్లీవాట్ అవర్, అంటే ఎంఏహెచ్‌ని వోల్టేజ్‌తో గుణించినది) రాస్తారు, అంకె పెద్దదని మోసపోవద్దు. 3000 ఎండబ్ల్యూహెచ్‌ని 1.5 తో భాగిస్తే 2000 ఎంఏహెచ్. 2000 ఎంఏహెచ్ నికెల్ సెల్ 1.2 తో గుణిస్తే 2400 ఎండబ్ల్యూహెచ్. అంటే లిథియంది పాతిక శాతం ఎక్కువే కానీ అంకె చూస్తే అనిపించేంత తేడా లేదు. ముఖ్యమైనది: ఈ సెల్స్‌ని నికెల్ చార్జర్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. వాటి చార్జర్ వాటికే.

14500 అని రాసి ఉన్న సెల్స్ చూడ్డానికి అచ్చం పెన్సిల్ సెల్‌లా ఉంటాయి, కానీ సర్క్యూట్ లేని 3.7 వోల్ట్ లిథియం. నిండిన రెండు కలిపితే 8.4 వోల్ట్. 3 వోల్ట్‌లకు తయారైన కంట్రోలర్ బోర్డు దానికి కాలిపోతుంది. మా రిచీ స్ట్రీట్ లాంటి ఎలక్ట్రానిక్స్ బజారులో గానీ మీ బెంగళూరు ఎస్పీ రోడ్‌లో గానీ విడి సెల్స్ కొనేటప్పుడు చుట్టూ ఉన్న రేపర్ మీద వోల్టేజ్ చదివాకే డబ్బులివ్వండి.

రెండోది మీ పాత ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ గురించి. ఇన్నాళ్ళూ ఆల్కలైన్ వాడారు కాబట్టి సెల్ గూడు వెలుతుర్లో పెట్టి చూడండి. స్ప్రింగ్ మొదట్లో తెల్లటి పొడి, పచ్చటి తుప్పు ఉంటే అది కారిన పొటాషియం హైడ్రాక్సైడ్. అది క్షారం, కాబట్టి దూది పుల్లకి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది తుడవాలి. సన్నగా నురగొచ్చి పొడి కరుగుతుంది. తర్వాత కొద్దిగా తడిపిన పుల్లతో పులుపు తీసేసి, ఆఖరున ఐసోప్రొపైల్‌తో తుడిచి గంటసేపు ఆరనివ్వాలి. గూటిలోకి ద్రవం పోయకండి, అడుగున బోర్డు ఉంటుంది. చేతికి గ్లవుజులు మంచిది. సముద్రపు గాలి ఉన్న మా ఊళ్ళో ఈ తుప్పు ఇంకా వేగంగా పాకుతుంది, బెంగళూరులో కొంత నయం.

కంట్రోలర్ కాస్త తట్టినా, వైబ్రేషన్ గట్టిగా వచ్చినా డిస్కనెక్ట్ అవుతుంటే తప్పు చార్జ్‌ది కాదు, కాంటాక్ట్ వదులైంది. ట్వీజర్స్‌తో స్ప్రింగ్‌ని ఒక మిల్లీమీటర్ బయటికి లాగితే చాలు. అల్యూమినియం రేకు మడిచి ఇరికించే చిట్కా జోలికి వెళ్ళొద్దు, జారి రెండు కాంటాక్ట్‌ల మధ్య పడితే షార్ట్ అవుతుంది.

మారతహళ్లి_ప్యాడ్:

చాలా థ్యాంక్స్ అందరికీ. చార్జర్ చూశాం, ఒక్క సెల్ పెడితే లైటే వెలగట్లేదు. అంటే జతల రకమే. పీఎస్5లో ఆ సెట్టింగ్ 3 గంటలనే ఉంది, డాక్‌ని అడాప్టర్‌కి మార్చాం, ఇప్పుడు రెండు ప్యాడ్‌ల మీదా నారింజ లైటు వస్తోంది. ఇప్పుడున్న నాలుగు సెల్స్ పనికొస్తాయా, పారేయాలా? ఎక్స్‌బాక్స్ డాక్ వద్దనే అంటారా? కొత్తవి కొంటే ఎన్ని కొనాలి?

మిల్లీయాంప్:

పారేయకండి. ఏ గాడికి ఆ గాడి విడిగా చూసే చార్జర్ వచ్చాక నాలుగింటినీ టెస్ట్ మోడ్‌లో పెట్టండి. కొత్త సెల్స్ కూడా రెండు మూడు సార్లు నింపి ఖాళీ చేశాకే పూర్తి సామర్థ్యం ఇస్తాయి, కాబట్టి మొదటి అంకె చూసి తీర్పు ఇవ్వొద్దు. మూడోసారి కూడా రాసినదాంట్లో 75 శాతం రాని సెల్‌ని కంట్రోలర్ నుంచి తప్పించి గోడ గడియారానికో టీవీ రిమోట్‌కో వేయండి, అక్కడ కరెంట్ అవసరం చాలా తక్కువ. దగ్గర దగ్గర అంకెలు వచ్చినవాటిని జత చేసి మార్కర్‌తో ఏ-ఏ, బీ-బీ అని రాసి, ఎప్పుడూ ఆ జతనే కలిపి వాడి కలిపి చార్జ్ చేయండి. పాత సెల్‌తో కొత్త సెల్, ఒక బ్రాండ్‌తో ఇంకో బ్రాండ్ కలపొద్దు.

రెండు కంట్రోలర్లకు 8 సెల్స్ లెక్క. నాలుగు సెల్స్ ఆ కంట్రోలర్లలో, ఇంకో నాలుగు నిండి డబ్బాలో సిద్ధంగా. 2000 ఎంఏహెచ్ జత మీద కంట్రోలర్ సుమారు 25 గంటలు నడుస్తుంది, వైబ్రేషన్ ఎక్కువున్న ఆటలైనా, జాక్‌కి హెడ్‌సెట్ తగిలించినా తగ్గుతుంది. రోజుకి రెండు గంటలు ఆడితే 12 రోజులకోసారి మార్చాలి. హెచ్చరిక రాగానే డబ్బాలోవి వేసి, తీసినవి చార్జర్‌లో పెట్టండి. మార్చడానికి అర నిమిషం పట్టదు, ప్యాడ్ చార్జ్ అయ్యేదాకా ఎదురుచూడడం ఉండదు. ఆట ముగించాక ఎక్స్‌బాక్స్ బటన్ 6 సెకన్లు నొక్కి పట్టుకుంటే కంట్రోలర్ ఆగిపోతుంది. లేకపోతే 15 నిమిషాలు ఊరికే వెలుగుతూ ఉంటుంది.

ఎక్స్‌బాక్స్ డాక్ గురించి నేను వద్దనడానికి కారణం డాక్ కాదు, దాంతో ఇచ్చే ప్యాక్‌లు. చవక సెట్లలో 600, 800 ఎంఏహెచ్ నికెల్ ప్యాక్‌లే ఉంటాయి, నిండాక సరిగ్గా ఆపే ఏర్పాటు ఉండదు. ఆటలేని రోజుల్లో కూడా డాక్ మీదే నిలబెడతాం కాబట్టి రోజంతా కొద్దికొద్దిగా ఎక్కుతూ వేడెక్కి ఏడాదిలో చచ్చిపోతాయి. ఆ ఆకారం ప్యాక్ మళ్ళీ విడిగా దొరకదు, మొత్తం డాక్ పనికిరాకుండా పోతుంది. పెన్సిల్ సెల్ అయితే ఒకటి పాడైతే జత మార్చుకుంటే అయిపోతుంది. పైగా మీవి రెండు తరాల కంట్రోలర్లు, వెనక మూతలు ఒకదానిది ఇంకోదానికి సరిగ్గా కూర్చోవు. డాక్ కావాలనే అనుకుంటే బాక్స్‌లో రెండు రకాల మూతలూ ఉన్నాయో లేదో, ప్యాక్ లిథియందో కాదో చూసి కొనండి.

ట్రిగర్_ఆర్2:

మిల్లీయాంప్ గారి లెక్క సరైనదే, కానీ సెల్స్ తీసి పెట్టే ఓపిక లేనివాళ్ళకి మైక్రోసాఫ్ట్ వాళ్ళ ప్లే అండ్ చార్జ్ కిట్ తప్పేమీ కాదు. లిథియం ప్యాక్, ఆడుతూనే చార్జ్ అవుతుంది, 4 గంటల లోపు నిండుతుంది. కన్సోల్ పోర్టుకి పెడితే మాత్రం స్లీప్ మోడ్‌లో ఉంచాలి. షట్‌డౌన్ ఎనర్జీ సేవింగ్‌లో పెడితే పోర్టులకు కరెంట్ ఉండదు. ఏ లిథియం ప్యాక్ అయినా, డ్యుయల్‌సెన్స్ అయినా నెలల తరబడి వాడకుండా పక్కన పెట్టేటప్పుడు నింపి పెట్టొద్దు, పూర్తిగా ఖాళీగానూ వదలొద్దు, సగం చార్జ్‌తో చల్లని అల్మరాలో పెట్టండి. ప్యాడ్ వెనక భాగం ఉబ్బినట్టు, అతుకు దగ్గర సందు వచ్చినట్టు కనిపిస్తే చార్జింగ్ అక్కడితో ఆపేయాలి. లోపలి బ్యాటరీ ఉబ్బిందని అర్థం. పొడవకుండా, నొక్కకుండా తీసి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి, తీగల కొసలకు విడివిడిగా టేపు చుట్టి.